ఆరు జీబీల అబద్ధం

మా అక్క కొడుకు అమీర్‌పేటలో డెవాప్స్ కోర్సులో చేరాడు. పొద్దున క్లాసులో చెప్పింది రాత్రి హాస్టల్ గదిలో సొంత ల్యాప్‌టాప్ మీద చేసి చూసుకోవాలి. అందుకని విండోస్‌లో వర్చువల్‌బాక్స్ పెట్టుకుని, దాని లోపల ఉబుంటు వేసుకున్నాడు. ఒక ఆదివారం మా ఇంటికొచ్చి, ఇంకా విస్తళ్ళు వెయ్యకముందే ల్యాప్‌టాప్ తెరిచాడు.

"మావయ్యా, మొదట 2 జీబీ ఇచ్చాను, నత్తలా నడిచింది. 4 ఇచ్చాను, బాగుంది. 6 ఇస్తే ఇంకా బాగుంటుందనుకున్నా. ఇప్పుడు మౌస్ కూడా కదలట్లేదు."

"మొత్తం ర్యామ్ ఎంతరా నీ ల్యాప్‌టాప్‌లో?"

"ఎనిమిది."

వర్చువల్‌బాక్స్‌లో మెమరీ ఇచ్చేచోట ఒక స్లైడర్ ఉంటుంది. దాని కింద ఆకుపచ్చ గీత, చివరికి పోయేకొద్దీ ఎరుపు. కుర్రాళ్ళు ఎర్రగీత జోలికి పోకుండా జాగ్రత్తపడతారు. కానీ ఆ రంగులు వేసింది మెషీన్‌లో ఉన్న మొత్తం ర్యామ్‌ని చూసి. మీరు బ్రౌజర్‌లో ఎన్ని ట్యాబులు తెరిచి కూర్చున్నారో ఆ గీతకి తెలీదు.

లెక్క కాగితం మీద వేస్తే చిన్నదే. విండోస్ తన సొంత పనులకే రెండున్నర, మూడు జీబీ తింటుంది. పాఠం వీడియో ఒక ట్యాబులో, నోట్సు ఇంకో ట్యాబులో, మొత్తం పదిహేను ట్యాబులతో బ్రౌజర్ మరో జీబీ పైన. వర్చువల్ మెషీన్‌కి 6. అన్నీ కలిపితే పది. ఉన్నవి ఎనిమిది. తక్కువపడ్డ రెండూ డిస్కు మీద సర్దుకోవాలి. ఆపరేటింగ్ సిస్టమ్ ర్యామ్‌లోని కొన్ని పేజీలను డిస్కుకి దించి ఆ చోటు వేరేవాళ్ళకిస్తుంది. దించినవాటితో మళ్ళీ పనిపడితే పైకి తెస్తుంది. ఇదే స్వాపింగ్. ఒకసారి తీసుకున్న మెమరీని వర్చువల్‌బాక్స్ వదలదు కాబట్టి డిస్కుకి దిగేవి విండోస్ పేజీలు, బ్రౌజర్ పేజీలు. ఉబుంటు కన్నా ముందు మౌస్ ఆగిపోయింది అందుకే.

దిగడం ఎక్కడంలో అంత నష్టం ఏముందంటే, ఒక పోలిక. ర్యామ్ నుంచి ఏదైనా తెచ్చుకోవడానికి ప్రాసెసర్‌కి సుమారు 100 నానోసెకన్లు పడుతుంది. దాన్ని ఒక సెకను అనుకుందాం. మామూలు ఎస్ఎస్‌డీ నుంచి తేవడానికి దాదాపు 100 మైక్రోసెకన్లు, అంటే మన కొలతలో పదిహేడు నిమిషాలు. గిర్రున తిరిగే పాత హార్డ్ డిస్కైతే 10 మిల్లీసెకన్లు. మన కొలతలో అది ఒక పగలూ ఒక రాత్రీ గడిచి మరో నాలుగు గంటలు! వంటింటి గూట్లో ఉప్పుడబ్బా అందుకోవడానికీ, ఉప్పు కోసం ఊరెళ్ళి రావడానికీ ఉన్న తేడా.

విచిత్రం ఏమిటంటే లోపలి ఉబుంటుకి ఇదేమీ తెలియదు. దాని లెక్కలో తనకి 6 జీబీ ఉంది, సగం ఖాళీగానే ఉంది, అంతా క్షేమం.

వర్చువల్ మెషీన్ అంటేనే పద్ధతిగా చెప్పిన అబద్ధం. నీకో సొంత కంప్యూటర్ ఉంది, ఇంత మెమరీ ఉంది, ఇన్ని ప్రాసెసర్లున్నాయి అని ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌ని నమ్మించడం. నమ్మించే సాఫ్ట్‌వేర్‌ని హైపర్‌వైజర్ అంటారు. అసలు మెషీన్ హోస్ట్, నమ్మినది గెస్ట్. సెట్టింగుల పేజీలో మనం నింపే అంకెలన్నీ ఆ అబద్ధం ఎంత పెద్దదిగా ఉండాలో చెప్పేవే. అది అబద్ధంగా బయటపడే రోజు వస్తుందా రాదా అన్నది హోస్ట్‌లో నిజంగా ఎంత ఉందన్న దాని మీద ఆధారపడుతుంది.

ఈ అబద్ధానికి అరవై ఏళ్ళు కావస్తోంది. అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రం కేంబ్రిడ్జ్‌లోని ఐబీఎం సైంటిఫిక్ సెంటర్‌లో రాబర్ట్ క్రీసీ బృందం 1967 నాటికి సీపీ-40 అనే వ్యవస్థను నడిపించింది. వాళ్ళు వాడింది ప్రత్యేకంగా మార్పించుకున్న ఒక సిస్టమ్/360 మోడల్ 40. దాని మెమరీ 256 కిలోబైట్లు. 4 కిలోబైట్ల చొప్పున కోస్తే 64 పేజీలు. దాని మీద ఒకేసారి పద్నాలుగు వర్చువల్ మెషీన్లు నడిచేవి. ఒక్కోదానికి చెప్పిన మెమరీ ఎంతో తెలుసా? 256 కిలోబైట్లు. ఉన్నదంతా ఒక్కొక్కరికీ రాసిచ్చేశారన్నమాట, పద్నాలుగు సార్లు. (ఆ 4 కిలోబైట్ల పేజీనే ఇవాళ్టి చాలా ల్యాప్‌టాప్‌లు కూడా వాడుతున్నాయి. కంప్యూటర్లలో ఇంతకాలం మారకుండా నిలిచినవి చాలా తక్కువ.)

ఉన్నదానికన్నా ఎక్కువ మాటివ్వడాన్ని ఓవర్‌కమిట్ అంటారు. పెళ్ళిళ్ళు చేసినవాళ్ళకి ఇది కొత్త కాదు. వెయ్యి కార్డులు పంచుతాం, వంట ఏడొందలమందికి చెబుతాం, ఆకులు బంతికి రెండొందలు వేస్తాం. వచ్చేవాళ్ళందరూ ఒకే బంతిలో కూర్చోరని వంటమేస్త్రికి తెలుసు. ప్రోగ్రాములూ అంతే. మామూలుగా తనకున్న మెమరీ మొత్తాన్ని ఏ ప్రోగ్రామూ ఏకకాలంలో ముట్టుకోదు. ఏ కొద్ది సమయం చూసినా కొన్ని పేజీల చుట్టూనే తిరుగుతుంది. ఆ కొన్నింటికి పీటర్ డెనింగ్ 1968లో వర్కింగ్ సెట్ అని పేరు పెట్టాడు. అందరి వర్కింగ్ సెట్లూ ర్యామ్‌లో పడితే ఓవర్‌కమిట్ పెళ్ళిభోజనంలా సాఫీగా సాగిపోతుంది. పట్టకపోతే మెషీన్ పని మానేసి పేజీలు ఎక్కించడం, దించడంలోనే పొద్దుపుచ్చుతుంది. మా వాడి ల్యాప్‌టాప్ చేస్తున్నది అదే.

మరి ముహూర్తం వేళకి అందరూ ఒకేసారి వచ్చిపడితే? ఎవరి విస్తరి ఆపాలి? హైపర్‌వైజర్‌కి ఇదే అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. ఎందుకంటే దానికి గెస్ట్ లోపల ఏ పేజీ ఏమిటో తెలియదు. లినక్స్‌కి ఖాళీ మెమరీ అంటే గిట్టదు. ఎవరూ అడగని చోటునంతా డిస్కులో చదివిన ఫైళ్ళ నకళ్ళతో నింపిపెట్టుకుంటుంది, మళ్ళీ అడిగితే చప్పున ఇవ్వచ్చని. ఎవరికైనా మెమరీ కావలసి వస్తే ఆ నకళ్ళని అప్పటికప్పుడు పారేస్తుంది. లోపలినుంచి చూస్తే అవి చిత్తుకాగితాలు. బయటనుంచి చూసే హోస్ట్‌కి మాత్రం చిత్తుకాగితం, ఇంటి దస్తావేజు ఒక్కలాగే కనిపిస్తాయి.

ఇలా చీకట్లో చెయ్యిపెడితే ఏమవుతుందో 1974లోనే గోల్డ్‌బర్గ్, హాసింగర్ అనే ఇద్దరు రాశారు. హోస్ట్ ఒక పేజీని ఎంచుకుని డిస్కుకి దించుతుంది. కాసేపటికి గెస్ట్‌కి కూడా మెమరీ ఇరుకవుతుంది. అదీ అంతే తెలివిగా చాలాకాలంగా వాడని పేజీ ఏదా అని వెతికి సరిగ్గా దాన్నే పట్టుకుంటుంది. తన డిస్కు మీదికి దించాలంటే ముందు దాన్ని చదవాలి. అదేమో ర్యామ్‌లో లేదు. హోస్ట్ దాన్ని తన డిస్కు నుంచి పైకి తెస్తుంది, గెస్ట్ వెంటనే తన డిస్కుకి దించేస్తుంది. ఎవరికీ అక్కరలేని పేజీ కోసం రెండు ప్రయాణాలు! ఇద్దరూ తెలివైనవాళ్ళు కావడమే ఇక్కడ చిక్కు. అందుకే వీఎంవేర్ ఈఎస్ఎక్స్ అనే హైపర్‌వైజర్ తయారుచేసినవాళ్ళు హోస్ట్ స్థాయిలో తెలివిని పక్కనపెట్టి, దించాల్సిన పేజీని లాటరీ తీసినట్టు ఎంచుకున్నారు. ఏ ఎత్తూ లేకపోతే ఇద్దరి ఎత్తులూ ఒకటయ్యే ప్రమాదం ఉండదు.

లాటరీ చివరి దిక్కు. అంతకుముందు వేసే ఎత్తు ఒకటుంది, దాన్ని చదివిననాడు నేను పుస్తకం మూసి నవ్వుకున్నాను. ఆ ఈఎస్ఎక్స్ గురించి కార్ల్ వాల్డ్‌స్పర్గర్ 2002లో రాసిన పేపర్‌లో అది వివరంగా ఉంది. పేరు బెలూన్.

ఇంటికి చుట్టాలొచ్చి ఒక గదిలో దిగారనుకోండి. గది నిండా వాళ్ళ సామాను. మీకు అందులో సగం చోటు కావాలి. మీరే వెళ్ళి ఏదో ఒకటి తీసి బయటపెడితే అది వాళ్ళ మందులపెట్టే కావచ్చు. దానికి బదులు ఓ పెద్ద ఖాళీ భోషాణం తెచ్చి ఆ గది మధ్యలో పెట్టారు. చుట్టాలు గొణుక్కుంటూనే, తమకి అంత అవసరం లేనివి తామే ఏరి బయట పడేసి చోటు చేస్తారు. ఏవి అక్కరలేనివో వాళ్ళకి తెలుసు కదా. చోటైతే దొరికింది. భోషాణం లోపలంతా ఖాళీయే. అది మీది.

బెలూన్ చేసేది అక్షరాలా ఇదే. గెస్ట్ లోపల ఒక చిన్న డ్రైవర్ ఉంటుంది. హోస్ట్‌కి మెమరీ కరువైనప్పుడు ఆ డ్రైవర్‌కి ఉబ్బమని కబురొస్తుంది. అది మామూలు ప్రోగ్రాములాగే గెస్ట్‌ని మెమరీ అడుగుతుంది. గెస్ట్ ముందు చిత్తుకాగితాలు పారేసి ఇస్తుంది, చాలకపోతే తన స్వాప్‌కి కొన్ని దించి ఇస్తుంది. వచ్చిన పేజీలను డ్రైవర్ కదలకుండా పట్టుకుని, వాటి నంబర్లు హైపర్‌వైజర్‌కి చెబుతుంది. హైపర్‌వైజర్ వాటి వెనకున్న అసలు ర్యామ్‌ని లాక్కుని అవసరమున్న వేరే గెస్ట్‌కి ఇస్తుంది. ఇరుకు తీరాక బెలూన్ గాలి తీసేస్తే ఎవరి చోటు వాళ్ళది. ఇవాళ లినక్స్ కేవీఎంలో, మైక్రోసాఫ్ట్ హైపర్-వీ డైనమిక్ మెమరీలో కూడా ఇదే సూత్రం.

మనవాళ్ళు పెర్ఫార్మెన్స్ పేరుతో మొట్టమొదట పీకేసేది దీన్నే కావడం విచారకరం. బెలూన్ ఉబ్బినప్పుడు గెస్ట్ మెల్లబడుతుంది, నిజమే. డ్రైవర్ తీసేస్తే ఇరుకు పోదు, భోషాణం పోయి లాటరీ మిగులుతుంది. ఒక్కటి మాత్రం చూసుకోవాలి: గెస్ట్‌లో స్వాప్ అసలు లేకుండా చేసి బెలూన్ బాగా ఉబ్బనిస్తే, దించడానికి చోటు లేక లినక్స్ ఏదో ఒక ప్రోగ్రాముని చంపేస్తుంది. అది డేటాబేసే కావచ్చు.

ఎవరి గదిలో భోషాణం పెట్టాలన్న దానికి వాల్డ్‌స్పర్గర్ చెప్పిన జవాబు పన్ను. ఖాళీగా పడున్న మెమరీ మీద పన్ను వేస్తారు, మామూలుగా 75 శాతం. ఎక్కువ వాటా ఉన్నవాడైనా వాడుకోకుండా అట్టేపెట్టుకుంటే ముందు వాడి దగ్గరే తీస్తారు. ఎవరు వాడుతున్నారో, ఎవరు అట్టేపెట్టుకున్నారో గెస్ట్‌ని అడగరు. ప్రతి 30 సెకన్లకీ ఒక్కో గెస్ట్‌లో 100 పేజీలను లాటరీగా ఎంచి, వాటికి దారి మూసేస్తారు. వాటిని ముట్టుకోవడానికి ఎవరైనా వస్తే తలుపు తట్టిన చప్పుడు వినిపిస్తుంది, వెంటనే తెరిచి లెక్క రాసుకుంటారు. వందలో ఇరవై తలుపులు చప్పుడైతే, మెమరీలో ఇరవై శాతం వాడుకలో ఉన్నట్టు. పల్స్ చూసి జ్వరం చెప్పినట్టే.

మెమరీ ఆదా చెయ్యడానికి ఒకప్పుడు ఇంకో దారి బాగా వాడేవారు. ఇరవై వర్చువల్ మెషీన్లలో ఒకే విండోస్ నడుస్తుంటే ఒకేలాంటి పేజీలు వేలల్లో ఉంటాయి. అన్నిటికీ ఒక్క ప్రతే ఉంచి, ఎవరైనా దాని మీద రాయబోతే అప్పుడు వాళ్ళకి వేరే నకలు ఇవ్వడం. ఇది సెక్యూరిటీ దెబ్బకి పోయింది. 2016లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని వ్రైయే విశ్వవిద్యాలయం పరిశోధకులు, ఇలా ఉమ్మడిగా పడున్న పేజీలో ర్యామ్ చిప్ బలహీనత వాడుకుని ఒక్క బిట్ తిప్పి, పక్కింటి వర్చువల్ మెషీన్ తాళంచెవినే చెడగొట్టి చూపించారు. వీఎంవేర్ అంతకుముందే, 2014 చివర్లో, వేర్వేరు మెషీన్ల మధ్య పంచుకోవడాన్ని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. కావాలంటే ఆన్ చేసుకోవచ్చు. అన్ని మెషీన్లూ మీవే అయితే తప్ప చెయ్యకండి.

మెమరీ సరిపడా ఉన్నా వర్చువల్ మెషీన్ అసలు మెషీనంత వేగంగా ఎందుకు నడవదు? ఇది చిరునామాల గొడవ. హైదరాబాద్ శివారు కాలనీల్లో తిరిగినవాళ్ళకి తెలుసు, ప్లాట్ నంబరు ఒకటి, మున్సిపాలిటీ ఇంటి నంబరు ఇంకొకటి. ప్రోగ్రాము అడిగే చిరునామాని గెస్ట్ తన పట్టికల్లో చూసి ఒక నంబరు చెబుతుంది. అది ప్లాట్ నంబరే. అసలు ర్యామ్‌లో అదెక్కడుందో హోస్ట్ పట్టికల్లో మళ్ళీ చూడాలి. పట్టికలు నాలుగు అంతస్తులు. మామూలు మెషీన్‌లో నాలుగు చూపులతో పని అయిపోతుంది. వర్చువల్ మెషీన్‌లో గెస్ట్ పట్టిక ఉన్న చోటే ప్లాట్ నంబరు కాబట్టి, దాని ఒక్కో అంతస్తుకీ హోస్ట్ పట్టికలో నాలుగు చూపులు, గెస్ట్ పట్టికలో ఒకటి: అయిదు. నాలుగు అంతస్తులకి ఇరవై. చివరికి దొరికిన చిరునామాకి మళ్ళీ నాలుగు. మొత్తం 24.

ప్రతిసారీ ఇన్ని చూడక్కర్లేకుండా ప్రాసెసర్ ఇటీవలి చిరునామాలను ఒక చిన్న చిట్టాలో రాసుకుంటుంది. ఆ చిట్టాలో చోటు తక్కువ. అందుకే హ్యూజ్ పేజీలు. 4 కిలోబైట్ల పేజీకి బదులు 2 మెగాబైట్ల పేజీ వాడితే చిట్టాలో ఒక్క పద్దు 512 పద్దుల పని చేస్తుంది. పెద్ద డేటాబేసులకి, పెద్ద జావా అప్లికేషన్లకి ఈ ఒక్క సెట్టింగు తేడా చూపిస్తుంది. 2 మెగాబైట్ల పేజీలు రెండు అచ్చంగా ఒకేలా ఉండటం అరుదు కాబట్టి, ఇందాకటి ఉమ్మడి ప్రతుల ఆదా దీంతో దాదాపు పోతుంది.

జావా మాట వచ్చింది కాబట్టి నేను ఒకప్పుడు పనిచేసిన ఆఫీసు సంగతి. ఒక జావా అప్లికేషన్ మెల్లగా ఉందని దాని వర్చువల్ మెషీన్‌కి 8 జీబీని 16 చేశాం. జావా తన పనికి వాడుకునే మెమరీని, అంటే హీప్‌ని కూడా పెంచాం. మర్నాటి నుంచి అది ఇంకా మెల్లబడింది! హోస్ట్‌లో బోలెడు మెమరీ ఖాళీగా ఉంది, గెస్ట్‌లో 16 కనిపిస్తోంది, అయినా చెత్త ఏరుకునే గార్బేజ్ కలెక్టర్ నడిచినప్పుడల్లా నిమిషాలపాటు స్తంభించిపోతోంది. రెండు రోజులు తవ్వాక దొరికింది. సెట్టింగుల్లో లిమిట్ అని ఒక గడి ఉంటుంది. హోస్ట్‌లో ఎంత ఖాళీ ఉన్నా ఈ మెషీన్‌కి ఇంతకుమించి అసలు ర్యామ్ ఇవ్వొద్దని దాని అర్థం. ఎప్పుడో ఎవరో అందులో 8 రాసి మరిచిపోయారు. గెస్ట్‌తో 16 అని చెప్పాం, ఇచ్చింది 8. మిగతా 8కి బెలూన్, ఆపైన డిస్కు. గార్బేజ్ కలెక్టర్ హీప్ అంతా కలియతిరిగేది కాబట్టి దానికి వర్కింగ్ సెట్ అన్నదే ఉండదు, డిస్కుకి దిగిన ప్రతి పేజీనీ పైకి లాగుతుంది. అప్పట్నుంచీ లిమిట్ గడిని ఖాళీగా వదిలెయ్యడమే నా అలవాటు. దానికి ఎదురుగా ఉండే రిజర్వేషన్, అంటే ఇంతమేర ఎవరూ లాక్కోకూడదన్న హామీ, జావాకీ డేటాబేసుకీ ఇవ్వాల్సిందే.

ప్రాసెసర్ల విషయంలో ఎక్కువిస్తే నష్టం ఇంకా వింతగా ఉంటుంది. బస్సులో ఒక్కరికి సీటు తేలిగ్గా దొరుకుతుంది. నలుగురికీ పక్కపక్కనే కావాలంటే తర్వాతి బస్సు కోసం ఆగాలి. తొలినాటి ఈఎస్ఎక్స్ అచ్చంగా ఇలాగే చేసేది, నాలుగు ప్రాసెసర్ల గెస్ట్‌కి నాలుగు కోర్లూ ఒకేసారి ఖాళీ అయ్యేదాకా నిరీక్షణ. తర్వాత ఆ పట్టు సడలించారు. అయినా బాధ పూర్తిగా పోలేదు. గెస్ట్‌లో ఒక ప్రాసెసర్ ఏదో తాళం తీసి పట్టుకున్న క్షణంలోనే హోస్ట్ దాన్ని పక్కన కూర్చోబెడితే, మిగతా మూడూ ఆ తాళం కోసం తలుపు దగ్గర నిలబడి కోర్లు కాలుస్తాయి. పని జరగదు, వాడకం మాత్రం వంద శాతం చూపిస్తుంది. లినక్స్‌లో టాప్ కమాండ్ ఇస్తే సీపీయూ వరస చివర్న ఎస్‌టీ అని ఒక అంకె ఉంటుంది, స్టీల్ అని. గెస్ట్ నడవడానికి సిద్ధంగా ఉన్నా హోస్ట్ కోర్ ఇవ్వని సమయం అది. అద్దెకి తీసుకున్న క్లౌడ్ సర్వర్ మెల్లగా ఉన్నప్పుడు నేను ముందు చూసేది ఆ అంకెనే.

మా వాడి ల్యాప్‌టాప్‌లో ఉన్నది నాలుగు కోర్లు, వాడు నాలుగూ ఇచ్చేశాడు. రెండుకి తగ్గించాం. మెమరీ 2.5 జీబీ చేశాం. "అంత తక్కువైతే మళ్ళీ నత్తే కదా మావయ్యా" అన్నాడు. డెస్క్‌టాప్ బొమ్మలున్న ఉబుంటు తీసేసి, నల్లతెర మాత్రమే ఉండే సర్వర్ ఎడిషన్ వేయించాను. వాడికి కావలసింది లోపలి కమాండ్ లైనే, దాన్ని విండోస్‌లోంచి టెర్మినల్‌తో అందుకోవచ్చు. బూటయ్యాక ఫ్రీ కమాండ్ కొట్టి చూశాడు. 300 మెగాబైట్లు కూడా వాడటం లేదు. మౌస్ కదిలింది. భోజనాలయ్యాయి.

పెరుగన్నం దగ్గరుండగా వాడికి గుర్తొచ్చింది. "మావయ్యా, వచ్చేవారం కుబర్నెటిస్ మొదలవుతుంది. మూడు వీఎంలు కావాలన్నారు. ఒక్కోదానికి తక్కువలో తక్కువ 2 జీబీ, రెండు సీపీయూలు."

మూడు రెళ్ళు ఆరు.

చెయ్యి కడుక్కుని, చిన్న స్క్రూడ్రైవర్ వెతికి, ల్యాప్‌టాప్ బోర్లా తిప్పి వెనక మూత తీశాం. రెండో ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉంది.